పెరిక మూతి

మిలిట్రీ బండ్లకు పట్టాలు కుట్టే పని మేం అడుక్కుని తెచ్చుకున్నది కాదు. అదే మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఆ తర్వాత మా తండాలోనే కొందరు, జైరాం వాళ్ళ కాళ్ళావేళ్ళా పడి ఆ పని సంపాదించాడని చెప్పుకున్నారు. అలా చెప్పుకున్నవాళ్ళ నోట్లో మన్ను పడ. కాళ్ళు పట్టుకుంటే పనులు జరిగేటట్టయితే, ఆ ఎండాకాలం మేం పట్టుకోని కాళ్ళు ఏవున్నాయి?

జైరాం మా ఆయన. పెళ్ళికి ముందు ఖమ్మంలో కిషన్‌లాల్ సేటు దుకాణంలో పనిచేశాడు. మిర్చి లారీల మీద కప్పే పట్టాలు కుట్టడం అక్కడే నేర్చాడు. పెళ్ళయ్యాక భద్రాచలం పోయే రోడ్డు మీద, ఫారెస్టు నాకా పక్కన రేకుల షెడ్డు వేసుకున్నాం. నాకా దగ్గర ఏ లారీ అయినా ఆగాల్సిందే. వెదురు లారీ గానీ, తునికాకు లారీ గానీ, దాని మీద చిరిగిన పట్టా కనిపిస్తే చాలు, మా ఆయన తలెత్తేలోపే నేను డ్రైవరును కేకేసేదాన్ని. మిషను కుట్టు ఆయనది, చేతి కుట్టు నాది. ఒక పాత మిషను, దబ్బనాలు, మైనం రాసిన దారం ఉండ, రింగులు కొట్టే సుత్తి, అంతే మా సంపద.

ఎనభై ఎనిమిదిలో శివరాత్రి వెళ్ళి ఎండలు ముదురుతుండగా, నాకాకు అవతల పాడుపడ్డ ఆకు గోదాములోకి మిలిట్రీ వచ్చి దిగింది. వాళ్ళది ఏ ఫోర్సో, ఏ బెటాలియనో మాకు తెలియదు. ఆకుపచ్చ బట్టలు తొడుక్కుని తుపాకీ పట్టుకున్న ప్రతివాడూ మాకు మిలిట్రీయే. అడవిలో అన్నలు తిరుగుతున్నారని, వాళ్ళ కోసమే వీళ్ళొచ్చారని బొజ్జయ్య చాయ్ హోటల్లో చెప్పుకునేవారు. బొజ్జయ్య హోటలు మా షెడ్డుకు ఎదురుగానే. ఊళ్ళో ఏం జరిగినా ముందు అక్కడ మరిగేది, తర్వాత తండాల్లోకి పారేది.

ఒక పొద్దున కిషన్‌లాల్ సేటు క్యాంపు జీపులోనే మా షెడ్డు ముందు దిగాడు. వెంట క్యాంపు పెద్దసారు, ఇక్కడి మాట అక్కడికి అక్కడి మాట ఇక్కడికి చెప్పడానికి హెడ్డు కానిస్టేబులు పిచ్చయ్య. పెద్దసారుది ఎక్కడో పైదేశం, హిందీ తప్ప రాదు. పిచ్చయ్య మాత్రం వైరా దిక్కు మనిషి. సంగతేమిటంటే, వాళ్ళ లారీల మీద పట్టాను మోసే ఇనప కమాన్లు ఇక్కడి అడవి కొమ్మలకు తగలకుండా కోసి, వంచి, మళ్ళీ అతికించారట. దాంతో పైనుంచి వచ్చిన పట్టాలు ఒక్క బండికీ అమరడం లేదు. ఏ బండి కొలత దానిదే. గుడ్డ సేటు ఇస్తాడు, కుట్టడం మేం కుట్టాలి. జైరాం ఒప్పుకునే ముందు నా వంక చూశాడు. నేను సేటు వంక చూశాను. సేటు భూమి వంక చూశాడు. కాదనే వీలు మా ముగ్గురిలో ఎవరికీ లేదని అప్పుడే అర్థమైంది.

కొలతలకు క్యాంపులోకి మేమిద్దరం పోయాం. జైరాం కమానెక్కి టేపు వేలాడదీస్తే కింద నేను పట్టుకున్నాను. పెద్దసారుకు రెండే బాధలు. అడవి రోడ్డు దుమ్మంతా బియ్యం బస్తాల్లో పడుతోంది. గుంతల్లో బండి ఎగిరినప్పుడు వెనక తెర తాళ్ళు ఊడి బస్తాలు జారిపోతున్నాయి. జైరాం తల గోక్కున్నాడు. మామూలు లారీ తెరైతే వెనక ఒక పొర వేలాడదీసి తాడు అల్లేస్తాం, దానికి ఈ గుంతలు ఎక్కువే.

"పెరిక మూతి పెడదాం" అన్నాను నేను.

మా వాళ్ళు ఎప్పుడో ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ దేశాలు తిరిగేవాళ్ళు. ఎద్దు వీపు మీద అటూ ఇటూ వేసే గోతాన్ని పెరిక అంటారు. దాని మూతి కుట్టడం మా నాయనమ్మ జమ్లి దగ్గర నేర్చుకున్నాను, మిషను ముఖం చూడకముందే. రెండు పొరలుంటాయి. లోపలి పొర ఎడమ మీదికి, బయటి పొర కుడి మీదికి మడవాలి. తాడు రెంటినీ కలిపి అల్లుకుంటూ వచ్చి బయట కింది మూలన ముడి పడుతుంది. లోపలి నుంచి సరుకు ఎంత తోస్తే మూతి అంత బిగుస్తుంది. బయటి నుంచి తెలిసినవాడు ఒక కొస లాగితే మొత్తం ఊడి వస్తుంది. ఎద్దు పరుగెత్తినా గింజ రాలదని నాయనమ్మ గొప్పగా చెప్పేది.

పెద్దసారు చూపించమన్నాడు. ఒక గోనె సంచికి నాలుగు రంధ్రాలు పొడిచి, పక్కలు చీల్చి, మూతి అల్లి చూపించాను. ఆయన చీలికలోంచి చెయ్యి లోపలికి పెట్టి మూతిని పిడికిలితో పొడిచాడు. బిగిసింది. ఇంకా గట్టిగా పొడిచాడు, ఇంకా బిగిసింది. అంత పెద్దమనిషి చిన్నపిల్లవాడిలా నవ్వి, పక్కనున్న జవాన్లను పిలిచి వాళ్ళ చేత కూడా పొడిపించాడు. అన్ని బండ్లకూ ఇదే పెట్టమన్నాడు. నాకు గర్వంగానే ఉండింది, ఎందుకు దాచాలి? మా ఆయన ముందు, సేటు ముందు, తుపాకుల ముందు నా పని మెచ్చుకున్నారు. ఇంటికి వచ్చేదాకా నా కాళ్ళు నేల మీద లేవు.

ఆ గుడ్డ కోయడానికి షెడ్డు చాలదు. తెల్లారగట్లనే, తారు మెత్తబడకముందే, రోడ్డు మీద పరిచి సుద్దతో గీతలు గీసేవాళ్ళం. లారీ వస్తే నాకా వాచరు ఆపి ఉంచేవాడు. మైనం పూసిన ఆకుపచ్చ గుడ్డ, గోనె కంటే మొండిది, పచ్చి తోలు వాసన కొట్టేది. దబ్బనం దిగక అరచేతికి చెప్పు తోలు కట్టుకుని నెట్టేదాన్ని. మూలలను కోయకుండా మడిచి కుట్టాలి, కోస్తే వాన దారి వెతుక్కుంటుంది. కమాను తగిలేచోట లోపల ఇంకో పొర. మొదటి పట్టా తయారయ్యాక లారీ మీద పరిచి బిందెలతో నీళ్ళు గుమ్మరించాం. లోపల జైరాం తల పైకెత్తి కూర్చున్నాడు. చుక్క పడలేదు. జవాన్లు చప్పట్లు కొట్టారు.

జవాన్లకు మూతి కట్టడం నేర్పే పని మాత్రం నా ప్రాణానికొచ్చింది. ఒక్కడికీ చెయ్యి తిరగదు. బయటి పొర ముందు మడుస్తారు, తాడును పిల్లజడలా అల్లుతారు, చివర గొడ్డును కట్టేసినట్టు పీటముడి వేస్తారు. నా తిట్లన్నీ మా భాషలో తిట్టుకున్నాను గాబట్టి సరిపోయింది.

నా తమ్ముడు రామ్‌సింగ్ అది చూడ్డానికే వచ్చేవాడు. వాడు ఏడో తరగతి దాకా చదివాడు. ఆ ఎండాకాలం మా తండాకు అవతల తునికాకు కల్లంలో కల్లేదారుగా కుదిరాడు. ఆకు కట్టలు లెక్కబెట్టి ఎండబోయించే పని. మధ్యాహ్నం పూట వచ్చి నా అన్నంలో సగం తినేసి, "అక్కా, లారీకి లంగా కుట్టినవ్ గానీ అద్దాలు మరిసినవ్" అని నవ్వేవాడు. దబ్బనం చూపిస్తే పారిపోయేవాడు. వాడికి పిల్లను చూశాం అప్పటికే. తొలకరి పడ్డాక పెళ్ళి.

మా పనిలో ఒక రివాజు ఉంది. ఎక్కడి గుడ్డ అయినా, ఎవరి గుడ్డ అయినా, కోతలో మిగిలిన ముక్క కుట్టేవాడిది. ఖమ్మం సేటు దగ్గరా అంతే, మా దగ్గరా అంతే. ఆ ముక్కలు ఎవరూ తిరిగి అడగరు. జైరాం వాటితో ఎద్దుల బండివాళ్ళకు గొడుగు గుడ్డలు, పిల్లలకు బడి సంచులు కుట్టేవాడు. మంచి మొండి ముక్క ఒకటి మిగిలితే నేను రామ్‌సింగ్‌కు భుజానికి వేసుకునే సంచి కుట్టాను. పెళ్ళికాబోయే తమ్ముడికి అక్క సంచి కుట్టి ఇవ్వడం మాలో ఉన్నదే. మా యాడి సక్రి, అమ్మను మేం యాడి అనే అంటాం, దాని అంచుకు గవ్వలు కుట్టింది, మూత మీద రెండు అద్దాలు పెట్టింది. వాడు దాన్ని భుజానికి తగిలించుకుని రోడ్డు మీద అటూ ఇటూ నడిచి చూపించాడు. ఆకుపచ్చ సంచి భుజాన వేసుకుని అడవిలో తిరిగేది ఎవరెవరన్న ఆలోచన మాలో ఏ ఒక్కరికీ రాలేదు. మాకది మిగిలిన ముక్క, అంతే.

ఆకు ముమ్మరంగా వస్తున్న రోజుల్లో కల్లాల మీద రేటు గొడవ మొదలైంది. కూలీలు కట్టకు ఇంకా ఇవ్వమన్నారు, కాంట్రాక్టరు ఇవ్వనన్నాడు. ఒక సాయంత్రం అన్నలు కల్లంలోకి వచ్చి మాట్లాడి పోయారని బొజ్జయ్య హోటల్లో విన్నాను. రామ్‌సింగ్‌ను అడిగితే, వచ్చారు, కూర్చున్నారు, పోయారు, మనకేంటి అన్నాడు. కూర్చోవడానికి చాప వేసింది ఎవరని అడిగాను. ఎవరైనా వస్తే చాప వెయ్యమా అని నన్నే అడిగాడు.

అది జరిగిన వారం లోపే.

జైరాం దారం, ఇత్తడి రింగులు తేవడానికి ఖమ్మం పోయాడు. నేను షెడ్డులో ఒక్కదాన్నే. మిట్టమధ్యాహ్నం, తారు కరిగి నల్లగా మెరుస్తోంది. అడవి వైపు నుంచి క్యాంపు లారీ ఒకటి వచ్చి నాకా దగ్గర ఆగింది. మేం కుట్టిన పట్టాయే. వాచరు అన్నానికి పోయాడు, అడ్డకర్ర దించి ఉంది. డ్రైవరు, ఇద్దరు జవాన్లు దిగి బొజ్జయ్య హోటలు లోపలికి చాయ్‌కి పోయారు. నేను కుట్టు ఆపి తలెత్తి చూస్తే, వెనక మూతి తలకిందులుగా కట్టి ఉంది. బయటి పొర లోపలికి పోయింది. మధ్యలో తాడు రింగులు దాటేసింది. అట్లా కడితే రెండు గుంతలకు రింగు ఊడుతుంది, రింగు ఊడితే మళ్ళీ నా దగ్గరికే తెస్తారు, జైరాం కుట్టు మంచిది కాదంటారు. నాకు ఒళ్ళు మండింది. ఎన్నిసార్లు చెప్పాలి వీళ్ళకు అనుకుంటూ, కత్తెర నడుములో దోపుకుని పోయి, తాడు విప్పి, పొర సరిచేద్దామని పక్కకు తీశాను.

లోపల బియ్యం బస్తాలు. బస్తాల మధ్య నా తమ్ముడు.

చేతులు వెనక్కి విరిచి కట్టి, ఆ తాడును కమాను కాలికి చుట్టారు. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. గాలి లేక చెమటలో తడిసి ముద్దయి, నోరు తెరిచి ఊపిరి పీలుస్తున్నాడు. లోపలి వేడి నా ముఖానికి పొయ్యి ముందు కూర్చున్నట్టు కొట్టింది. దుమ్ము పోకుండా, గాలి పోకుండా కుట్టింది నేనే గదా.

నేను వాడి పేరు పిలిచాననుకుంటా. "మెల్లగ అక్కా" అన్నాడు.

మా భాషలోనే గబగబా చెప్పాడు. కల్లం నుంచి తండాకు పోయే బాటలో ఎదురయ్యారట. సంచి చూసి పట్టుకున్నారు. ఈ గుడ్డ ఎక్కడిదని కొట్టారు. మా అక్క కుట్టిందని చెబితే ఇంకా కొట్టారు. మిలిట్రీ గుడ్డ అక్క దగ్గరికి ఎట్లా వచ్చిందన్నారు. నేను కత్తెర తీసి పైకి ఎక్కబోయాను. వాడు మోకాళ్ళతో నన్ను వెనక్కి నెట్టాడు.

"వద్దక్కా. ఉరికితే కాలుస్తరు."

"అటు చాయ్ తాగుతున్నరురా. అడవి గింతదూరమే."

"నేనేం తప్పు చేసిన ఉరకనీకి? ఉరికితే చేసినట్టే అయితది. క్యాంపుకు తీస్కపోతున్నరు. పెద్దసారుకు నువ్వెరికే, బావ ఎరికే. బావను జల్దీ రమ్మను. సంచి సంగతి చెప్తే ఇడిసిపెడ్తరు."

వాడు చెప్పింది నాకు నిజమే అనిపించింది. అనిపించడమేమిటి, నమ్మాను. ఆ బండ్లన్నిటికీ మేమే కుట్టాం, ఆ సారు నా ముందు నవ్వాడు, మా మాట వినకుండా ఎట్లా ఉంటాడు? షెడ్డులోకి పరుగెత్తి చెంబుతో నీళ్ళు తెచ్చాను. వాడి చేతులు వెనక ఉన్నాయి గాబట్టి నేనే నోట్లో పోశాను. సగం మెడ మీద పోయాయి. నా కొంగుతో వాడి కన్ను తుడవబోతే ముఖం తిప్పుకుని, "ఇగ కట్టు. కట్టక్కా, వస్తరు" అన్నాడు.

కట్టాను.

వాళ్ళు కట్టినట్టు తప్పుగా కట్టాలని కూడా తోచలేదు. నా చేతులు వాటంతట అవే పనిచేశాయి. లోపలి పొర ఎడమ మీదికి, బయటి పొర కుడి మీదికి, తాడు రింగు రింగుకీ లాగి, కింది మూలన ముడి. షెడ్డులోకి వచ్చి కూర్చున్నాక చూస్తే ఎదురుగా బొజ్జయ్య చేతిలో గరిటె పట్టుకుని నన్నే చూస్తున్నాడు. జవాన్లు వచ్చారు, అడ్డకర్ర లేచింది, బండి పోయింది.

పొద్దు వాలకముందే జైరాం వచ్చాడు. భుజం మీది దారం మూట దించకుండానే ఇద్దరం క్యాంపుకు పోయాం. గేటు దగ్గర జవాను, ఈ రోజు ఎవరినీ తీసుకురాలేదన్నాడు. బండి వచ్చింది గదా అంటే బియ్యం వచ్చాయన్నాడు. పెద్దసారు ఉన్నాడా అంటే లేడన్నాడు. మరునాడు యాడిని కూడా తీసుకుని పోయాం. అదే మాట. ఆ తర్వాత రోజూ అదే మాట. యాడి గేటు ముందు నేల మీద కూర్చునేది, ఎండకు కొంగు కప్పుకుని. లోపలికి పోయే ప్రతి జవానుకూ దండం పెట్టేది. ఒకడు దండం తీసుకున్నాడు, మిగతావాళ్ళు అదీ లేదు. జైరాం ఖమ్మం పోయి సేటును బతిమాలాడు. సేటు జాలిపడ్డాడు, చాయ్ తెప్పించాడు, ఆ గుడ్డ ముక్కలు నేను ఇచ్చినట్టు మాత్రం ఎక్కడా చెప్పకు అన్నాడు.

చివరకు పెద్దసారు కనిపించాడు. గోదాము అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, పక్కన పిచ్చయ్య. యాడిని గేటు బయటే ఆపారు. జైరాం చెప్పులు విడిచి, వంగి, సంచి సంగతి మొదటి నుంచి చెప్పాడు. మిగులు ముక్క కుట్టేవాడిదే అవుతుందని, అది మా పనిలో రివాజని, తప్పైతే తన మీద కేసు పెట్టుకోమని, పిల్లవాడిని మాత్రం వదలమని. పిచ్చయ్య అంతా హిందీలో చెప్పాడు. పెద్దసారు ఓపిగ్గా విన్నాడు. విని, రామ్‌సింగ్ అనే మనిషిని తాము పట్టుకోనే లేదన్నాడు.

"నేను చూసిన సార్. లారీల ఉన్నడు" అన్నాను.

పిచ్చయ్య నా వంక విసుగ్గా చూశాడు. "పట్టా కట్టి ఉంటే లోపల ఎవరున్నరో నీకెట్ల కనబడ్డది?"

జైరాం నా చెయ్యి పట్టుకుని నొక్కాడు. ఆయనకు తెలుసు ఏం జరగబోతోందో. నాకూ కొంత తెలుసు. కానీ నా తమ్ముడు ఆ బండిలో ఉన్నాడనడానికి ఈ లోకంలో నేను తప్ప ఇంకో సాక్ష్యం లేదు. బొజ్జయ్యను అడిగితే, ఆ టైముకు చాయ్ పోస్తున్నాను, రోడ్డు వంకే చూడలేదన్నాడు.

"నేను విప్పిన. విప్పి చూసిన. నీళ్ళు తాపిన. మళ్ళ నేనే కట్టిన."

పిచ్చయ్య హిందీలో చెప్పడానికి కొంచెం సేపు పట్టింది. పెద్దసారు కుర్చీలో ముందుకు వంగాడు. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. లోపల్నుంచి ఇంకో ఆయన వచ్చి ఆయనా మాట్లాడాడు. నేను ఒక్కొక్కరి ముఖం చూస్తూ నిలబడ్డాను. వాళ్ళు ఒప్పుకుంటున్నారనే అనుకున్నాను. ఒప్పుకోవడానికే ఇంతసేపు పడుతోందనుకున్నాను. మనిషికి ఆశ అంటే అంత సిగ్గులేనిది.

పిచ్చయ్య మా వైపు తిరిగినప్పుడు ఆయన గొంతు మారింది. మెత్తగా ఉంది.

"అయితే విప్పింది నువ్వే అన్నమాట. దారిల దుంకి పారిపోయిండు. ఎట్ల ఊడిందా అని మేం కూడ చూస్తున్నం."

"పారిపోలే సార్. చేతులు కట్టేసి ఉన్నయ్. నేను మళ్ళ కట్టిన. పెరిక ముడి ఏసిన. లోపల్నుంచి విప్పుడు ఎవని తరం గాదు." పిచ్చయ్యను వదిలేసి పెద్దసారుకే చెప్పాను, నాకొచ్చిన రెండు హిందీ ముక్కల్లో, చేతులతో మడతలు చూపిస్తూ. "మీకు ఎరికే గద సార్. మీరే పొడిచి చూసిండ్రు గద."

ఆయనకు అర్థమైంది. ఆ సంగతి నేను ప్రమాణం చేసి చెప్పగలను. నా చేతుల వంక చూశాడు, తర్వాత తన పిడికిలి వంక చూసుకున్నాడు. ఆ తర్వాత లేచి లోపలికి పోయాడు.

పిచ్చయ్య మమ్మల్ని గేటు దాకా సాగనంపాడు. మా మంచి కోరి చెబుతున్నానన్నాడు. నిందితుణ్ణి విడిపించానని నేనే నోటితో ఒప్పుకున్నాను కాబట్టి నన్ను లోపల వేయొచ్చునట, పెద్దసారు దయదలిచి వేయడం లేదట. ఇంకోసారి అడగడానికి వస్తే ఆ దయ ఉండదట. "పారిపోయిండనుకోరాదమ్మా, ఏడ్నో ఒక కాడ బతికున్నడనుకోరాదు" అన్నాడు చివరకు. ఆ మాట అంటూ నా ముఖంలోకి చూడలేకపోయాడు. నా తమ్ముడు లేడని నాకు అక్కడ, ఆ గేటు దగ్గర తెలిసింది. నేను తెచ్చిన సాక్ష్యాన్నే వాళ్ళు తీసుకుని నా నోటికి అడ్డం పెట్టారు. రోడ్డు మీదికి వచ్చి వాంతి చేసుకున్నాను. యాడి నా వీపు నిమురుతూ, ఏమన్నారే, ఎప్పుడు పంపిస్తామన్నారే అని అడుగుతూనే ఉంది. జైరాం ఏదో సర్దిచెప్పాడు.

ఇంకా చెప్పాల్సింది ఉంది. మిగిలిన పట్టాలు కూడా మేమే కుట్టాం. కుట్టక ఏం చేస్తాం? గుడ్డ మా షెడ్డులో ఉంది, పొద్దున్నే జీపు వచ్చి ఎంతవరకైందని అడిగి పోతోంది. జైరాం ఒకనాడు మిషను మీద తల పెట్టి, మనం మధిర దిక్కు పోదాం ద్వాలీ అన్నాడు. పోతే, తప్పు చేశారు గనుకే పోయారంటారని నేనన్నాను. అన్నాక నా తమ్ముడి మాటే నా నోట్లోంచి వచ్చిందని తెలిసింది. జైరాం మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టాడు. మూతి ఏ తీరున కుట్టాలని ఆయన జీపువాళ్ళను అడిగాడు. అన్నిటికీ అదే పెట్టమన్నారు. దబ్బనం పొడిచినప్పుడల్లా వాడి వాచిన కన్నే కనిపించేది. అయినా కుట్టు ఒక్కటి వంకర పోలేదు. నా చేతులను నేను అసహ్యించుకున్నది అప్పుడే.

యాడి మంచం పట్టింది. గంజి తాగదు, మాట్లాడదు, గోడ వైపు తిరిగి పడుకుంటుంది. ఇక దక్కదనుకుని రామ్‌సింగ్‌కు చూసిన పిల్ల వాళ్ళకు కూడా కబురు చేశాం.

అయితే బొజ్జయ్య నోరు ఊరుకుంటుందా? సాక్ష్యం చెప్పమంటే ఏమీ చూడలేదన్న మనిషి, తండా వాళ్ళ ముందు అంతా చూశాడు. ద్వాలి లారీ విప్పింది, మిలిట్రీ వాళ్ళు ఇక్కడ చాయ్ తాగుతుంటే అక్కడ తమ్ముణ్ణి దాటించింది, నా కళ్ళతో చూశానన్నాడు. క్యాంపువాళ్ళూ పారిపోయాడనే అన్నారు గదా. రెండూ కలిసి తండాలో ఒక్క కథ అయ్యాయి. మిలిట్రీ పని చేస్తున్నానని అంతదాకా నన్ను ఎగాదిగా చూసిన ఆడవాళ్ళు ఎదురొచ్చి నా చెయ్యి పట్టుకోవడం మొదలుపెట్టారు.

తొలివానలు పడి రోడ్డు చల్లబడ్డ రోజు, మా షెడ్డు ముందు ఎవరో నిలబడ్డ నీడ కనిపించి తలెత్తాను. యాడి. మంచం మీది మనిషి తండా నుంచి ఒక్కతే నడిచి వచ్చింది. కాళ్ళ నిండా బురద. నా చేతిలోంచి దబ్బనం తీసి పక్కన పెట్టి, నా రెండు అరచేతులూ తన కళ్ళకు అద్దుకుంది. ముద్దు పెట్టుకుంది. నవ్వింది కూడా. ఆ ఎండాకాలమంతా చూడని నవ్వు.

"నాకెందుకు చెప్పలేవే? భయపడ్డవా? గింత పని చేసి నా కాడ దాస్తవా?" అంది.

మా ఆయన మిషను ఆపాడు. నా నోటి చివర ఉంది అసలు మాట. కట్టమన్నాడు యాడీ, కట్టాను, అన్న మాట. అది చెబితే నా గుండె బరువు దిగేదేమో. యాడి ఆ పూటే గోడ వైపు తిరిగేది. జైరాం నా వంక చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఎటు దిక్కు పోయిండే?" అడిగింది యాడి.

నేను గోదావరి దిక్కు చెయ్యి చూపించాను. యాడి అటు తిరిగి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని, వానలో మసగ్గా ఉన్న అడవిని చాలాసేపు చూసింది.

"నీళ్ళు ఎక్కువున్నా ఏంగాదు. ఈతొస్తది వానికి" అంది.